ఐలమ్మకు తెలిసిన చప్పుడు

సూర్యాపేట టాక్సీ స్టాండులో ఎవరినడిగినా బీరప్ప గురించి రెండు సంగతులు చెప్తారు. ఒకటి, ముప్పై ఏళ్ల డ్రైవింగులో మనిషికి గానీ మేకకు గానీ బండి తగిలించినవాడు కాడు. రెండు, పెళ్లాం పిచ్చోడు. మొదటిదానికి ఆయన పెద్దగా పొంగిపోడు. రెండోదానికి మాత్రం మీసాల చాటున నవ్వుకునేవాడు. ఇప్పుడా మాట ఆయన ముందర ఎవరూ ఎత్తడం లేదు.

ఆయన పుట్టింది గొర్రెల కాపరుల ఇంట్లో, పట్నానికి ఐదు కోసుల దూరంలో. తండ్రికి ఎనభై గొర్రెల మంద. ఆ ఇళ్లలో ఒక పద్ధతి ఉండేది. పొద్దుగూకే వేళ మంద ఊళ్లోకి వస్తుంటే ముందు నడిచే పొట్టేలు మెడలో గంట మోగుతుంది. అది చెవిన పడగానే ఇంటి ఆడమనిషి చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి, చెంబుతో నీళ్లు పట్టుకుని వాకిట్లో నిలబడాలి. ఎండన పడి తిరిగొచ్చిన మగవాడు ఆ నీళ్లతో కాళ్లు కడుక్కున్నాకే లోపల అడుగుపెడతాడు. నాలుగు మందలు ఒక్కసారే వచ్చినా ఏ గంట ఎవరిదో ఆడవాళ్లు పొరపడేవారు కాదు. ఐలమ్మ కొత్తకోడలుగా వచ్చిన వారానికే మామ మంద గంటను పట్టేసింది. అత్త కంటే ముందే చెంబుతో నిలబడేది. అత్తకది ముచ్చటగానూ ఉండేది, లోపల కొంచెం కుళ్లుగానూ ఉండేది.

కరువు వచ్చింది, రోగం వచ్చింది, మంద పోయింది. బీరప్ప సూర్యాపేట చేరి లారీ మీద క్లీనరుగా తిరిగాడు, స్టీరింగు పట్టడం నేర్చుకున్నాడు. తొంభై ఆరులో ఒక డాక్టరు దగ్గర పాత డీజిల్ అంబాసిడర్ కొన్నాడు. తెల్లది. అప్పటికే దాని వయసు తొమ్మిదేళ్లు. కొన్నవాడికంటే బండికే లోకం ఎక్కువ తెలుసని స్టాండులో వాళ్లు ఎగతాళి చేశారు. ఆ ఎగతాళికి బండే జవాబు చెప్పింది. కోదాడ పెళ్లిళ్లకు, మిర్యాలగూడ రైసుమిల్లు సేట్ల పనులకు, వాడపల్లి సంగమంలో మునకలకు, ఖమ్మం దవాఖానకు పురిటి నొప్పుల మీద పోయేవాళ్లకు అదే తిరిగింది. వెనక సీట్లో ఇద్దరు పిల్లలు పుట్టారు. అందులో ఒకడు ఇప్పుడు పోలీసు ఉద్యోగంలో ఉన్నాడు, రోడ్డు మీద కనిపిస్తే బండికి సెల్యూటు కొట్టేవాడు.

మంద పోయింది గానీ ఐలమ్మ చేతిలో చెంబు పోలేదు. సాయంత్రం బండి మెయిన్ రోడ్డు దిగి గల్లీలోకి మళ్లేది. ఎత్తు ఎక్కడానికి రెండో గేరు పడేది, ఇంజను గొంతు మారేది. ఇంటి ముందుకొచ్చి ఆగాక బీరప్ప ఒక్కసారి గట్టిగా యాక్సిలరేటరు తొక్కి రేజ్ చేసి, డాష్‌బోర్డు కింద ఇంజను ఆపే నాబ్ లాగేవాడు. బండి మొత్తం ఒకసారి వణికి సద్దుమణిగేది. అలా చేస్తే తెల్లారి మొదటి సెల్ఫుకే లేస్తుందని ఆయనకు డ్రైవింగు నేర్పిన లారీ డ్రైవరు చెప్పాడు. నిజమో కాదో ఆ దేవుడికే తెలియాలి. బీరప్ప మాత్రం ముప్పై ఏళ్లలో ఒక్కరోజు కూడా మానలేదు. ఆ వణుకు ఆగేసరికి ఐలమ్మ వాకిట్లో ఉండేది. "రోజూ గంత లొల్లి చేసుకుంటొస్తవ్, ఊరందరికి తెల్వాల్నా?" అని విసుక్కుంటూనే కాళ్ల మీద నీళ్లు పోసేది.

నాలుగేళ్ల కింద ఐలమ్మకు మతిమరుపు మొదలైంది. మొదట కూరలో ఉప్పు, తర్వాత పక్కింటివాళ్ల పేర్లు, తర్వాత కొడుకు పెళ్లయిన సంగతి. హైదరాబాదులో పెద్ద డాక్టరు తలకాయ ఫొటోలు తీయించి, ఇది తగ్గేది కాదు, పెరగకుండా చూసుకోండి అన్నాడు. పెరుగుతూనే వచ్చింది. కన్నకొడుకు సాయిబాబును చూసి "నీది ఏ ఊరు బిడ్డా?" అని అడిగిన రోజు ఆ పిల్లవాడు బాత్రూములో నల్లా తిప్పుకుని ఏడ్చాడు. కోడలు ప్రశాంతి అన్నం తినిపిస్తుంది, స్నానం చేయిస్తుంది, తల దువ్వుతుంది. ఆమెకు రోజూ కొత్తగా పరిచయం కావడమే సరిపోయేది.

ఒక్క బీరప్పను మాత్రం ఐలమ్మ మరిచిపోలేదు. పొద్దంతా గోడకేసి చూస్తూ కూర్చున్న మనిషి, సాయంత్రమయ్యేసరికి లేచి చెంబు పట్టుకునేది. కాళ్ల మీద నీళ్లు పోసేది, విసుక్కునేది, పక్కన కూర్చుని పడుకునేదాకా ముచ్చట్లు పెట్టేది.

"మామా, పొద్దటి సంది సేవలన్ని నేను చేస్త. నన్ను మాత్రం ఎవలమ్మ నువ్వు అంటది. నువ్వు రాంగనే ఎట్ల లేస్తదో సూడు!" అనేది ప్రశాంతి, సగం నవ్వుతూ, సగం ఉడుక్కుంటూ.

"నలభై ఏండ్ల కాపురం బిడ్డా. ఊకెనే పోతదా?" అనేవాడు బీరప్ప.

ఈ మాట ఇంట్లో అని ఊరుకోలేదు. స్టాండులో చెప్పాడు, టీ కొట్టులో చెప్పాడు, కిరాయికొచ్చిన వాళ్లకూ చెప్పాడు. ఆమె అన్నీ మరిచిపోయింది, నన్ను మరవలేదు అని. మనిషికి మొత్తం జీవితంలో చెప్పుకోవడానికి ఒక గర్వం ఉండాలి కదా. ఆయనకున్నది అదొక్కటే. ఒకసారి బండి షెడ్డులో ఉండి ఆటోలో ఇంటికొచ్చాడు. ఆ సాయంత్రం ఐలమ్మ మొహం తిప్పుకుని కూర్చుంది, పలకరించినా పలకలేదు. ఆలస్యమైందని అలిగిందనుకున్నాడు. ఆ అలకకు కూడా మురిసిపోయి, మర్నాడు మల్లెపూలు పట్టుకొచ్చాడు. మర్నాడు బండిలో వచ్చాడు కాబట్టి ఆమె ఆ పూలు పెట్టుకుంది.

ఇక బండికీ రోజులు దగ్గరపడ్డాయి. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇచ్చేది లేదన్నారు. సామాన్లు దొరకడం మానేశాయి. బీరప్ప మోకాళ్లు అరిగిపోయి, క్లచ్ తొక్కినప్పుడల్లా పళ్ల బిగువున నొప్పి ఓర్చుకునేవాడు. సాయిబాబు కోదాడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో గుమస్తా. తండ్రిని రోడ్డు మీదికి పంపకుండా ఇంట్లో కూర్చోబెడదామనే అనుకున్నాడు. కూర్చోబెడితే ఆ మనిషి నెల్లాళ్లు కూడా బతకడని తెలిసి మనసు మార్చుకున్నాడు.

"నాయినా, గా బండి ఇగ ఖతం. కరెంటు కారు తీసుకుందం. క్లచ్ లేదు, గేరు లేదు. నీ మోకాళ్లకు సుఖం. అమ్మను ఏసీల కూసోవెట్టి యాడికన్న తీస్కపోవచ్చు" అన్నాడు.

ఆ చివరి మాటకు బీరప్ప మెత్తబడ్డాడు. మిర్యాలగూడలో పాత బండ్లు కొనే మల్సూరుకు కబురు పెట్టి, ఆయనే స్వయంగా తోలుకుపోయాడు. దారిలో ఎక్కడైనా మొరాయిస్తే మనసుకు కొంచెం సర్దిచెప్పుకునేవాడు. ఆ పాడు బండి ఆరోజు ఒక్కచోట కూడా ఆగలేదు. మల్సూరు కొట్టు ముందు ఆపి, అలవాటుగా ఒక్క రేజ్ ఇచ్చి నాబ్ లాగాడు. తాళం చెవి మల్సూరు చేతిలో పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా బస్సెక్కాడు. బస్సులో టవలు మొహం మీద కప్పుకుని నిద్ర నటించాడు. ఇంటికొచ్చేసరికి ఐలమ్మ నిద్రపోయింది. పిలవకుండా పక్కన పడుకున్నాడు.

మర్నాడు కొత్త కారు వచ్చింది. చెప్పకూడదు గానీ, అది బీరప్పకు బాగా నచ్చింది. తొక్కితే చాలు, నీళ్ల మీద జారినట్టు పోతోంది. పొగ లేదు, వాసన లేదు. మొదటి కిరాయికి చంటిబిడ్డతో ఎక్కిన ఒకామె సూర్యాపేటలో జోకొట్టిన బిడ్డ కోదాడ చేరేదాకా కదల్లేదు. "పెద్దాయనా, మీ కారు ఉయ్యాల లెక్కుంది" అని ఆమె అంటే ఆయన పొంగిపోయాడు. హైవే పక్కన దాబాలో చార్జింగు పెట్టి, టీ తాగుతూ, మోకాలు మడిచి చాచి చూసుకున్నాడు. నొప్పి లేదు. పాతదాన్ని తలుచుకోవాలని గుర్తొచ్చేసరికి సాయంత్రం నాలుగైంది. అందుకు ఆయన ఇప్పటికీ తనను తాను తిట్టుకుంటాడు. ఇందులో తిట్టుకోవాల్సిందేమీ లేదని ఎవరు చెప్పినా వినడు.

పొద్దుగూకే వేళకు గల్లీలోకి మళ్లాడు. ఐలమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టి ఊరంతా తిప్పాలని దారి పొడుగునా అనుకుంటూ వచ్చాడు. కారు ఎత్తు ఎక్కిందో లేదో కూడా తెలియలేదు. ఐలమ్మ అరుగు మీదే కూర్చుని ఉంది. గల్లీ మొదటికేసి చూస్తోంది. చేతిలో చెంబు లేదు.

బీరప్ప దిగి ఎదురుగా నిలబడ్డాడు. "ఏమే ఐలమ్మా, కొత్త బండి ఎట్లున్నదే?"

ఐలమ్మ గబుక్కున లేచి కొంగు భుజం మీదికి లాక్కుంది. పరాయి మగవాడి ముందు నిలబడ్డట్టు కొంచెం పక్కకు తిరిగింది.

"ఎవలు గావాలె అన్నా? మా ఆయన ఇంట్ల లేడు. కిరాయికి పోయిండు. వచ్చే యాళ్లయింది, జర కూసో."

అన్నా అంది. తిట్టినా, కొట్టినా, మొహాన తలుపేసినా బీరప్ప తట్టుకునేవాడు. కట్టుకున్న ఆడది నోరారా అన్నా అని పిలిస్తే ఆ మగవాడు ఎక్కడ నిలబడాలి? ఆయన ఆమె కూర్చోమన్న చోటే కూర్చున్నాడు. ఆమె మర్యాదగా దూరం జరిగి, మళ్లీ గల్లీ మొదటికేసి చూడసాగింది. పాలగ్లాసు తెచ్చిన ప్రశాంతి గుమ్మంలోనే ఆగిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు, ఆటోలో వచ్చిన రోజు. అది అలక కాదు. ఈ నాలుగేళ్లూ ఆమె గుర్తుపట్టింది తన మొహాన్ని కాదు, గొంతును కాదు. గల్లీ మలుపులో మారే ఇంజను గొంతును, ఆ ఒక్క రేజ్‌ను, నాబ్ లాగాక వచ్చే వణుకును. అది వినిపించాక వచ్చి నిలబడినవాడు మొగుడు. గంట మోగితే చెంబు పట్టుకుని లేచిన కొత్తకోడలు లోపల అలాగే ఉంది, మిగతా ఐలమ్మంతా పోయింది. గొర్రెల మధ్య పుట్టి పెరిగిన తనకు ఈ సంగతి తట్టకపోవడం ఏమిటి? గొర్రెపిల్ల వంద గొర్రెల్లో తల్లిని అరుపును బట్టి వెతుక్కుంటుందని నాలుగేళ్ల వయసులోనే తెలిసినవాడు. నన్ను మరవలేదు, నన్ను మరవలేదు అని ఊరంతా చాటుకుని, ఆ చప్పుడును తన చేత్తో తానే తోలుకుపోయి తుక్కులో వేసొచ్చాడు.

తర్వాత పది రోజులు ఆ ఇంట్లో చేయని ప్రయత్నం లేదు. సాయిబాబు తన పెళ్లి వీడియోలో బండి వచ్చే ముక్క వెతికి ఫోనులో పెట్టాడు. ఐలమ్మ ఫోనును చూసి నవ్వి, "గిందుల ఎవలో బండి నడుపుతుండ్రు" అంది. ఒక సాయంత్రం బీరప్ప కారు దూరంగా ఆపి, గల్లీ మలుపులో నిలబడి నోటితో ఇంజను చప్పుడు చేశాడు. కాపరి నోరు అది, చిన్నప్పుడు మైలు దూరాన ఉన్న మందను మళ్లించిన నోరు. రెండో గేరు తీశాడు, ఎత్తు ఎక్కించాడు, వాకిట్లోకి వచ్చి రేజ్ కూడా ఇచ్చాడు. మేడ మీద నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన సిగ్గుపడలేదు. అరవై మూడేళ్ల మనిషి రొప్పుతూ ఎదురుగా నిలబడితే, ఐలమ్మ జాలిగా చూసి, "పాపం, దగ్గు ఎక్కువున్నట్టుంది అన్నా. దవాఖానల సూపిచ్చుకో" అంది.

ఆయన మల్సూరుకు ఫోను చేశాడు. బండిని వెనక్కి ఇమ్మని.

"యాడున్నది అన్నా బండి? బాడీ ముక్కలు చేసినం" అన్నాడు మల్సూరు. మళ్లీ తనే, "ఇంజన్ మంచిగున్నదని మఠంపల్లి కాడ రేవుల పడవ నడిపే అబ్రహాం కొనుక్కపోయిండు" అన్నాడు.

మర్నాడే బీరప్ప భార్యనూ కోడలినీ కారులో ఎక్కించుకుని కృష్ణ ఒడ్డుకు పోయాడు. అవతలి గట్టు నుంచి మనుషులను, మోటారుసైకిళ్లను చేరవేసే పడవ అది. దాని చప్పుడు నది మధ్యలో ఉండగానే బీరప్పకు అందింది. కొంచెం గొంతు మారింది, సైలెన్సరు వేరు కదా. అయినా అదే. ఐలమ్మ అప్పటికి కారులోనే కునుకు తీస్తోంది. ఆమెను నిద్ర లేపవద్దని ప్రశాంతికి చెప్పి, ఆయన రేవులోకి దిగాడు.

అబ్రహాం నది మీదే నలభై ఏళ్లు గడిపిన మనిషి. "ఇంజను బంగారమండీ. పొద్దున్నే ఒక్క దెబ్బకే అందుకుంటుంది. దీని మీద నాలుగు నోళ్లు బతుకుతున్నాయి" అన్నాడు, ఎవరో ఏమిటో తెలియకుండానే.

అమ్ముతావా అని అడగాలని వచ్చిన బీరప్ప ఆ మాట మింగేశాడు. అమ్మినా దాన్ని ఎక్కడ పెట్టుకుంటాడు, వాకిట్లోనా? ఇంజను మీద చెయ్యి వేశాడు. వేడిగా ఉంది. "ఇది నా బండిదే తమ్మీ. ఒక్కపారి అవతలికి పోయి, నీతోని మళ్ల వస్త. ఒడ్డుకు చేరినంక నన్ను ఆపనియ్యి. మా ఇంటామె వినాలె" అన్నాడు.

అబ్రహాం ఒడ్డున ఉన్న కారు వైపు చూశాడు, ఈ ముసలాయన కళ్లవైపు చూశాడు. జరిగి ఇంజను పక్కన చోటిచ్చాడు.

తిరుగు ప్రయాణంలో పడవ నది మధ్యకు వచ్చేసరికి ఒడ్డున కారు తలుపు తెరుచుకుంది. ఐలమ్మ దిగింది. చుట్టూ నేల మీద దేనికోసమో తడుముకుంటోంది. చెంబు కోసమని బీరప్పకు అంత దూరం నుంచీ అర్థమైంది. దొరకలేదు. ప్రశాంతి చెయ్యి విడిపించుకుని గబగబా నీళ్ల దగ్గరికి నడిచింది. పడవ ఇసుకను తాకింది. బీరప్ప ఒక్కసారి గట్టిగా రేజ్ చేసి ఆపేశాడు. పడవ మొత్తం వణికి సద్దుమణిగింది.

ఆయన దిగి ఇసుకలో నిలబడ్డాడు. ఐలమ్మ వంగి దోసిళ్లతో కృష్ణ నీళ్లు తీసి ఆయన కాళ్ల మీద పోసింది. మళ్లీ తీసి మళ్లీ పోసింది.

"ఏందయ్యా ఇన్నొద్దులు? యాడ వోయినవ్?"

"కిరాయి దూరం వడ్డదే" అన్నాడు.

"చెప్పి పోవద్దా? ఎంత పరేషాన్ అయిన్నో నీకేం ఎరుక?" అని ఆయన చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి పట్టుకునే ఇసుకలో కూర్చుని, పది రోజులవి అన్నీ చెప్పింది. చివర గొంతు తగ్గించింది. "ఇంట్లకు ఎవలో ముసలాయన వస్తుండయ్యా. రోజు సందేళకొచ్చి నా పక్కన కూసుంటడు. ఒక్కోపారి కండ్లనీళ్లు వెట్టుకుంటడు. మంచోడే అనిపిస్తది గానీ, నువ్వు లేనప్పుడు ఎందుకు రావాలె? నువ్వు జర చెప్పయ్యా."

"చెప్తలే. ఇగ రాడు" అన్నాడు బీరప్ప.

అబ్రహాం పడవలో ఎక్కేవాళ్లను కాసేపు ఆగమని చేత్తోనే ఆపాడు. అయినా ఎంతసేపు ఆపగలడు? అవతలి గట్టు మీద జనం కేకలు వేస్తున్నారు. ఇంజను మళ్లీ లేచింది, పడవ వెనక్కి మళ్లింది, చప్పుడు నది మీద దూరమైపోయింది. బీరప్ప ఐలమ్మ చెయ్యి వదలకుండానే కారు దగ్గరికి నడిపించుకొచ్చి వెనక సీట్లో ప్రశాంతి పక్కన కూర్చోబెట్టాడు. స్టీరింగు పట్టుకోవాలంటే ఆ చెయ్యి వదలాల్సి వచ్చింది.

దారి పొడుగునా వెనక నుంచి మాట లేదు. పిలిచి చూసే ధైర్యం ఆయనకు లేదు. కారు ఎప్పటిలాగే హాయిగా, మెత్తగా పోయింది. పొద్దుగూకే వేళకు గల్లీ ఎక్కి ఇంటి ముందు ఆగింది.

ఐలమ్మ దిగి, రెండడుగులు వేసి వెనక్కి వచ్చింది. డ్రైవరు కిటికీ దగ్గర వంగింది.

"అన్నా, ఏమనుకోకు. మా ఆయన రేవుకాడ్నే ఉండిపోయిండు. జర మళ్ల పోయి తోలుకరా. నేను నీళ్లు పట్టుకోని కూసుంట."

ప్రశాంతి కొంగు నోట్లో కుక్కుకుని గోడకు తిరిగింది. ఐలమ్మ లోపలికి పోయి చెంబు నిండా నీళ్లు పట్టుకుని వచ్చి అరుగు మీద కూర్చుంది. పోలేదేమిటన్నట్టు కారు వైపు చూసింది.

"సరే. తోలుకొస్త" అన్నాడు బీరప్ప.

కారు తిప్పి గల్లీ మలుపు దాకా పోయి, అక్కడ ఆగాడు. అద్దంలో ఐలమ్మ కనిపిస్తోంది. చెంబు ఒళ్లో పెట్టుకుని, తల కొంచెం వంచి, రోడ్డు వైపు చెవి పెట్టి కూర్చుంది. ఎవరిని తోలుకురావాలో ఆయనకు తెలుసు. ఎలా తోలుకురావాలో తెలియక, అద్దంలోకి చూస్తూ అక్కడే కూర్చుండిపోయాడు.